నెల్లూరు తీరంలో మాక్ డ్రిల్: ఉత్తుత్తి సునామీ, డమ్మీ చొరబాటుదారులు.. సైన్యం, పోలీసులు ఈ రిహార్సల్స్ ఎందుకు చేస్తారు?

2023లో ఓ రోజు మీ ఫోన్ ఉన్నట్టుండి సైరన్‌లా మోగింది, గుర్తుందా? స్క్రీన్ మీద ఓ మెసేజ్. ఇది పరీక్ష కోసం పంపింది, మీరేమీ చేయనక్కర్లేదు అని. చాలామంది ఉలిక్కిపడ్డారు. కొందరు స్క్రీన్‌షాట్ తీసి గ్రూపుల్లో పెట్టారు. సాయంత్రానికి అందరూ మర్చిపోయారు.

అది సెల్ బ్రాడ్‌కాస్ట్ పరీక్ష. తుపానో సునామీయో వస్తుంటే ఒక ప్రాంతంలోని ఫోన్లన్నిటికీ ఒకేసారి హెచ్చరిక పంపే ఏర్పాటు పనిచేస్తుందో లేదో కేంద్ర టెలికాం శాఖ చూసుకుంది. అంటే మీకు తెలియకుండానే మీరు ఒక సిమ్యులేషన్‌లో పాల్గొన్నారన్నమాట.

ఇలాంటివే ఇంకా పెద్ద స్థాయిలో నెల్లూరు సముద్రతీరంలో జరుగుతుంటాయి. 'సాగర్ కవచ్', 'సీ విజిల్', 'ఐఓవేవ్' లాంటి పేర్లు వార్తల్లో వినే ఉంటారు. ఒడ్డున పోలీసుల హడావుడి, నీళ్ల మీద కోస్ట్‌గార్డ్ బోట్లు, పాళెంలో మైకు ప్రచారం. ఓ నిమిషం వీడియో వస్తుంది. కింద 'మాక్ డ్రిల్ విజయవంతం' అని రాస్తారు. అసలు ఇవి దేనికి? ఎలా చేస్తారు? వీటివల్ల నిజంగా ప్రాణాలు దక్కుతాయా?

'స్టెబిలిటీ ఆపరేషన్' అంటే ఏంటి?

సైన్యం అనగానే మనకి గుర్తొచ్చేది యుద్ధం. కానీ సైనికులు చేసే పనుల్లో యుద్ధం కానివి చాలా ఉన్నాయి. వరదలో చిక్కుకున్న ఊళ్లకి తిండి చేరవేయడం, తెగిన రోడ్డు మీద తాత్కాలిక వంతెన వేయడం, గొడవలు చెలరేగిన చోట మళ్లీ మామూలు పరిస్థితి తేవడం, ఆసుపత్రి మూతపడితే టెంట్లలో వైద్యం చేయడం. స్థానిక యంత్రాంగం కుప్పకూలిన చోట దాన్ని మళ్లీ నిలబెట్టే దాకా సాగే ఈ పనులన్నిటినీ కలిపి సైనిక పరిభాషలో స్టెబిలిటీ ఆపరేషన్స్ అంటారు. ఇరాక్, అఫ్గానిస్తాన్‌లలో చేతులు కాల్చుకున్నాక అమెరికా రక్షణ శాఖ 2005 నవంబర్‌లో ఒక ఆదేశం ఇచ్చింది. యుద్ధానికి ఎంత ప్రాధాన్యం ఇస్తారో, ఈ పనులకీ అంతే ఇవ్వాలన్నది దాని సారాంశం.

మన దేశంలో సొంత గడ్డ మీద చేసే ఇలాంటి పనిని 'సివిల్ అధికారులకు సాయం' అంటారు. ఇక్కడ ఓ ముఖ్యమైన తేడా ఉంది. సైన్యం వచ్చినా పెత్తనం సైన్యానిది కాదు. 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం ప్రకారం జిల్లాలో విపత్తు యంత్రాంగానికి అధ్యక్షుడు కలెక్టరే. అల్లర్లలో గుంపుల్ని చెదరగొట్టడానికి సాయుధ బలగాల్ని పిలవాలన్నా నిర్ణయం జిల్లా మెజిస్ట్రేట్‌దో, ఆయన అధికారం ఇచ్చిన ఎగ్జిక్యూటివ్ మెజిస్ట్రేట్‌దో. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 149వ సెక్షన్ ఇదే చెబుతుంది. మెజిస్ట్రేట్‌ని సంప్రదించే వీలే లేనప్పుడు మాత్రం సైనికాధికారి సొంతంగా చర్య తీసుకునే వెసులుబాటు 150వ సెక్షన్‌లో ఉంది.

సిమ్యులేషన్ అవసరం ఇక్కడే మొదలవుతుంది. నేవీ భాష వేరు, రెవెన్యూ భాష వేరు, మెరైన్ పోలీసుల వైర్‌లెస్ వేరు. వీళ్లెవరూ రోజూ కలిసి పనిచేసేవాళ్లు కాదు. విపత్తు రోజునే మొదటిసారి పరిచయాలు చేసుకుంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి!

నెల్లూరు తీరమే ఎందుకు?

పటం ఓసారి చూడండి. అటు కావలి పక్కన తుమ్మలపెంట, జువ్వలదిన్నె, ఇసకపల్లి. మధ్యలో మైపాడు, కోడూరు బీచ్‌లు. కిందకి వస్తే కృష్ణపట్నం పోర్టు, దాని పక్కనే థర్మల్ విద్యుత్ కేంద్రాలు, నూనె శుద్ధి ఫ్యాక్టరీలు. ఇంకా దక్షిణంగా దుగరాజపట్నం, పులికాట్ సరస్సు, ఇస్రో రాకెట్లు ఎగిరే శ్రీహరికోట. 2022 ఏప్రిల్‌లో జిల్లాల విభజన జరిగినప్పుడు శ్రీహరికోట తిరుపతి జిల్లాలోకి వెళ్లింది. సముద్రానికి ఆ గీతలతో పనిలేదు కదా, డ్రిల్ చేస్తే రెండు జిల్లాలూ కలిసే చేయాలి.

ఈ తీరానికి పాత దెబ్బలు చాలానే ఉన్నాయి. 1989 నవంబర్‌లో థాయ్‌లాండ్‌ను అతలాకుతలం చేసిన 'గే' తుపాను బంగాళాఖాతం దాటొచ్చి కావలి దగ్గరే తీరాన్ని తాకింది. 2004 డిసెంబర్ 26 సునామీలో రాష్ట్రంలో వంద మందికి పైగా చనిపోయారు, నెల్లూరు జిల్లా పాళేల్లోనూ ప్రాణాలు పోయాయి. అప్పుడు ఆంధ్ర, తమిళనాడు తీరాల్లో సహాయం కోసం నేవీ చేపట్టిన పనికి 'ఆపరేషన్ మదద్' అని పేరు పెట్టారు.

2021 నవంబర్ వరదలు మాత్రం వేరే పాఠం చెప్పాయి. ఆ దెబ్బ సముద్రం నుంచి రాలేదు, పెన్నా నుంచి వచ్చింది. కోవూరు దగ్గర పడుగుపాడు వద్ద జాతీయ రహదారి కోతకు గురైంది, రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది. చెన్నై - కోల్‌కతా మార్గంలో రోడ్డూ రైలూ రెండూ ఆగిపోయాయి. బుచ్చిరెడ్డిపాళెం మండలం దామరమడుగు దగ్గర జనాన్ని కాపాడటానికి వెళ్లిన ఎస్‌డీఆర్‌ఎఫ్ కానిస్టేబుల్ ఒకరు ప్రాణాలు కోల్పోయారు.

నెల్లూరుకి సాయం రావాలంటే ఎక్కడి నుంచి రావాలి? ఎన్‌డీఆర్‌ఎఫ్ పదో బెటాలియన్ విజయవాడ దగ్గర కొండపావులూరులో ఉంది. నాలుగో బెటాలియన్ తమిళనాడులోని అరక్కోణంలో. నేవీ తూర్పు కమాండ్ విశాఖలో, కోస్ట్‌గార్డ్ తూర్పు ప్రాంత కేంద్రం చెన్నైలో. ఉత్తరం నుంచి వచ్చినా దక్షిణం నుంచి వచ్చినా లారీలు ఎక్కాల్సింది 16వ నంబరు జాతీయ రహదారే. పడుగుపాడులో తెగింది ఆ రహదారే. కాగితం మీద 'ఆరు గంటల్లో బలగాలు చేరతాయి' అని రాసుకున్న ప్రణాళిక ఆ ఒక్క చోట ఆగిపోతుంది. ఈ మాట విపత్తు రోజున తెలియడం కంటే బల్ల చుట్టూ కూర్చున్న రోజున తెలిస్తే ఎంత నయం!

ఎన్ని రకాల సిమ్యులేషన్లు?

ఇందులో కొత్తేం లేదు. ప్రష్యా సైన్యం 1824లోనే పటం మీద పావులు కదుపుతూ యుద్ధ క్రీడ మొదలుపెట్టింది. మన పల్లెల్లో అరుగుల మీద గీసుకునే పులి-మేక ఆట కూడా ఆ జాతిదే. మూడు పులులు, పదిహేను మేకలు. రెండు పక్షాల బలం వేరు, ఎత్తు వేరు, గెలుపు అంటే అర్థం కూడా వేరు. సైన్యం ఇప్పుడు ఆడే 'రెడ్ టీమ్ - బ్లూ టీమ్' ఆటలో ఉన్నదీ ఈ లెక్కే.

అన్నిటికంటే చవకైంది టేబుల్‌టాప్. అధికారులందరూ ఒక హాల్లో కూర్చుంటారు. ఒకాయన పరిస్థితి చదువుతాడు. 'ఇప్పుడు మీరేం చేస్తారు?' అని ఒక్కొక్కరినీ అడుగుతాడు. అంతే. వాహనం కదలదు, సైరన్ మోగదు. కానీ తప్పులు ఎక్కువగా బయటపడేది ఇక్కడే.

రెండోది కంప్యూటర్ మోడల్. ఈ విషయంలో తెలుగు నేల గర్వపడొచ్చు. హైదరాబాద్ ప్రగతినగర్‌లోని ఇన్‌కాయిస్ కేంద్రంలో 2007 నుంచి భారత సునామీ ముందస్తు హెచ్చరిక వ్యవస్థ పనిచేస్తోంది. సముద్రం అడుగున ఎక్కడ ఎంత భూకంపం వస్తే ఏ తీరానికి ఎంత ఎత్తు అల ఎన్ని నిమిషాల్లో చేరుతుందో వేల సందర్భాలకు ముందే లెక్కకట్టి పెట్టుకున్నారు. నిజంగా భూమి కంపించినప్పుడు కొత్తగా లెక్క వేస్తూ కూర్చోరు, దగ్గరగా ఉన్న లెక్కని బయటికి తీస్తారు. అందుకే భూకంపం వచ్చిన పది నిమిషాల్లోపే మొదటి బులెటిన్ ఇవ్వగలుగుతున్నారు. అల రెండు మీటర్లు దాటుతుందనుకుంటే 'వార్నింగ్', అంటే జనాన్ని ఖాళీ చేయించాలి. అర మీటరు నుంచి రెండు మీటర్ల దాకా అయితే 'అలర్ట్', ఒడ్డు దగ్గరికి ఎవర్నీ పోనివ్వకూడదు. అంతకంటే తక్కువైతే 'వాచ్', గమనిస్తూ ఉండాలి.

దీని విలువ 2012 ఏప్రిల్ 11న తెలిసింది. సుమత్రా దగ్గర 8.6 తీవ్రతతో భూకంపం వచ్చింది. 2004 గుర్తున్నవాళ్లందరికీ గుండె ఆగినంత పనైంది. ఇన్‌కాయిస్ మాత్రం గరిష్ఠ స్థాయి హెచ్చరికను నికోబార్‌లోని కొన్ని ప్రాంతాలకే పరిమితం చేసింది. భూపలకలు నిలువుగా లేవకుండా పక్కకి జారాయి కాబట్టి పెద్ద అల పుట్టలేదు. అనవసరంగా లక్షల మందిని పరుగులు పెట్టించకపోవడం కూడా ఓ విజయమే.

మూడోది నేల మీదా నీళ్ల మీదా నిజంగా చేసే డ్రిల్. హిందూ మహాసముద్ర దేశాలన్నీ కలిసి రెండేళ్లకోసారి చేసే 'ఐఓవేవ్' అలాంటిదే. 2016 సెప్టెంబర్ 7, 8 తేదీల్లో జరిగినప్పుడు మొదటి రోజు సుమత్రా దక్షిణాన 9.2 తీవ్రతతో, రెండో రోజు పాకిస్తాన్ - ఇరాన్ తీరంలోని మక్రాన్ దగ్గర 9.0 తీవ్రతతో భూకంపాలు వచ్చినట్టు అనుకున్నారు. మన దేశంలో 40 వేల మందికి పైగా జనాన్ని తీరం నుంచి నిజంగానే తరలించి చూశారు. ఫ్యాక్టరీలకైతే ఇది చట్టబద్ధమైన బాధ్యత. ప్రమాదకర రసాయనాల నిబంధనలు (1989) ప్రకారం పెద్ద ప్రమాదాలకు అవకాశమున్న ఫ్యాక్టరీ ఆవరణలో ఆరు నెలలకోసారి, ఆవరణ బయటి ప్రాంతాన్ని కలుపుకొని ఏడాదికోసారి రిహార్సల్ చేయాల్సిందే.

ఇవి కాక వ్యక్తులకు శిక్షణ ఇచ్చే యంత్రాలు వేరే ఉన్నాయి. హైదరాబాద్ కంపెనీ జెన్ టెక్నాలజీస్ 1993 నుంచి తయారుచేస్తున్న ఫైరింగ్, డ్రైవింగ్ సిమ్యులేటర్లు ఆ కోవలోవి. అవి ఒక మనిషి చెయ్యి తిరగడానికి. ఇక్కడ మనం మాట్లాడుకుంటున్నది వంద ఆఫీసులు ఒక్క మాట మీద నిలబడటం గురించి.

సాగర్ కవచ్‌లో ఏం జరుగుతుంది?

2008 నవంబర్ 26న ముంబయిపై దాడి చేసినవాళ్లు వచ్చింది సముద్రం మీదే, అదీ మన చేపల పడవనే హైజాక్ చేసి. ఆ దెబ్బతో తీరరక్షణ రూపురేఖలే మారాయి. మెరైన్ పోలీస్ స్టేషన్ల పథకం అంతకు కొన్నేళ్ల ముందే మొదలైంది. రాష్ట్రంలో మొదటి విడతలో పెట్టిన ఆరింటిలో దుగరాజపట్నం ఒకటి. దాడి తర్వాత ఈ స్టేషన్ల సంఖ్య పెంచారు. మత్స్యకారులకు బయోమెట్రిక్ కార్డులు వచ్చాయి. ఏటా రెండుసార్లు దాకా 'సాగర్ కవచ్', 2019 జనవరి నుంచి దేశమంతా ఒకేసారి చేసే 'సీ విజిల్' మొదలయ్యాయి. మొదటి సీ విజిల్ 2019 జనవరి 22, 23 తేదీల్లో జరిగింది. ఏడున్నర వేల కిలోమీటర్ల తీరం మొత్తాన్ని కలిపి చేసిన మొదటి కసరత్తు అదే. తర్వాత 2021, 2022, 2024లోనూ చేశారు.

పద్ధతి తేలిక. బలగాల్లోంచే కొందరిని 'రెడ్ ఫోర్స్'గా పెడతారు. వాళ్లు లుంగీలు కట్టుకుని మామూలు బోటెక్కి, డమ్మీ బాంబుతో ఏదో పాళెం దగ్గర దిగి, పోర్టులోకో ఇంకో కీలకమైన చోటుకో చొరబడాలి. నేవీ, కోస్ట్‌గార్డ్, మెరైన్ పోలీసులు, కస్టమ్స్, సీఐఎస్‌ఎఫ్, మత్స్యశాఖ కలిసి 'బ్లూ ఫోర్స్'. వాళ్లు పట్టుకోవాలి.

పట్టుకుంటే 'భళా పోలీస్' అని వార్త. పట్టుకోకపోతే వార్త ఉండదు. నిజానికి అధికారులకు ఎక్కువ పనికొచ్చేది ఆ రెండోదే. ఎక్కడ దిగారు, ఎవరూ ఎందుకు చూడలేదు, చూసినవాడు ఎవరికి చెప్పాలో తెలియక ఊరుకున్నాడా? ఈ మూడు ప్రశ్నలకు జవాబు దొరికితే డ్రిల్‌కి పెట్టిన డీజిల్ ఖర్చు గిట్టినట్టే.

నెల్లూరు సముద్రంలో ఇంకో చిక్కుంది. ఇక్కడ పరాయి బోటు కనిపించడం వింతేమీ కాదు. తమిళనాడు మెకనైజ్డ్ బోట్లు ఈ జలాల్లోకి వచ్చి వేటాడుతున్నాయని, వలలు తెగ్గొడుతున్నాయని ఇక్కడి మత్స్యకారులు ఏళ్లుగా గొడవ పడుతున్నారు. బోట్లను అడ్డుకోవడాలు, పంచాయితీలు మామూలే. అలాంటప్పుడు 'అనుమానాస్పద బోటు కనిపిస్తే చెప్పండి' అంటే దేన్ని చెప్పాలి? పైగా ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో వేట నిషేధం. ఆ రెండు నెలల్లో డ్రిల్ పెడితే సముద్రం మీద ఏ బోటు కనిపించినా అనుమానమే, పట్టుకోవడం సులువు. కష్టమైన పరీక్ష కావాలంటే వందల బోట్లు తిరిగే రోజునే పెట్టాలి.

ఓ టేబుల్‌టాప్ ఎలా సాగుతుంది?

చదివేవాళ్లకి అర్థం కావడానికి ఒక ఊహా పరిస్థితి తీసుకుందాం. నిజంగా జరిగింది కాదు, జరిగే తీరు మాత్రం ఇదే.

శనివారం సాయంత్రం నాలుగు గంటలు. అండమాన్ - సుమత్రా దగ్గర భారీ భూకంపం. 2004లో ఉదయం ఆరున్నరకు భూమి కంపిస్తే చెన్నైని అల తాకింది సుమారు రెండున్నర గంటల తర్వాత. కాబట్టి హాల్లో గడియారం ఆరున్నర దగ్గర ఎర్రగా గీసి ఉంటుంది.

4.10. ఇన్‌కాయిస్ బులెటిన్ వచ్చింది. కలెక్టరేట్ కంట్రోల్ రూమ్‌లో అది ఎవరు చూశారు? వీకెండ్ డ్యూటీలో ఉన్నాయన ఎవరికి ఫోన్ చేయాలి?

4.20. నిర్వాహకుడు ఓ చీటీ తీస్తాడు. దీన్ని 'ఇంజెక్ట్' అంటారు, నడుస్తున్న కథలో విసిరే కొత్త చిక్కు. 'మైపాడు బీచ్‌లో వీకెండ్ జనం వేలల్లో ఉన్నారు. వాళ్లెవరూ ఈ ఊరివాళ్లు కాదు, తుపాను షెల్టర్ ఎక్కడుందో తెలియదు.' ఇప్పుడేం చేస్తారు? పార్కింగ్‌లోని కార్లన్నీ ఒక్కసారిగా ఇరుకు రోడ్డెక్కితే ఎదురుగా లోపలికి రావాల్సిన అంబులెన్స్ సంగతేంటి?

4.35. ఇంకో చీటీ. 'నలభై బోట్లు సముద్రంలో ఉన్నాయి. ఇళ్లవాళ్లు ఫోన్లు చేసి వెనక్కి వచ్చేయమంటున్నారు.'

ఇక్కడ చాలామంది తడబడతారు. తుపాను వస్తుంటే బోట్లు ఒడ్డుకి రావాలి. సునామీ వస్తుంటే మాత్రం రాకూడదు! లోతు నీళ్లలో సునామీ అల పెద్దగా తెలియను కూడా తెలియదు. అది ఎత్తు పెరిగి విరుచుకుపడేది ఒడ్డు దగ్గరే. కాబట్టి లోపలున్న బోట్లు ఇంకా లోతుకి వెళ్లి, అధికారులు చెప్పేదాకా అక్కడే ఉండాలి. ఏటా తుపాన్లకి అలవాటుపడ్డ పాళెంలో 'తిరిగి రండి' అన్న మాటే అందరి నోటా వస్తుంది. ఆ ఒక్క మాట ప్రాణాలు తీస్తుంది. మైకులో చెప్పాల్సిన వాక్యం ఇదీ అని ముందే రాసిపెట్టుకోవాలన్న సంగతి టేబుల్‌టాప్‌లో తేలుతుంది.

4.50. 'రొయ్యల గుంటల దగ్గర కాపలా ఉండేవాళ్లు, ఆ కట్టల మీదే గుడిసెల్లో ఉండే యానాది కుటుంబాలు మీ జాబితాలో ఉన్నారా?' హాల్లో ఒక్క క్షణం ఎవరూ మాట్లాడరు. ఊరి లెక్క ఓటర్ల జాబితా నుంచో రేషన్ కార్డుల నుంచో తీస్తే వీళ్లు అందులో ఉండకపోవచ్చు. సాయంత్రం చీకటి పడే వేళ ఆ గుంటల మధ్యకి ఎవరు వెళ్తారు?

అల వచ్చి వెళ్లాక ఆట ఆగదు. సైన్యం భాషలో అసలు స్టెబిలిటీ దశ అప్పుడే మొదలు. రెండో రోజు, నీళ్లు లేవు, కరెంటు లేదు. బియ్యం లారీ ఒక పాళెం ముందే ఆగిపోయింది, అవతలి పాళెం వాళ్లు రోడ్డుకి అడ్డం కూర్చున్నారు. లారీకి కాపలాగా ఉన్న జవాన్లు ఏం చేయాలి? తుపాకీ చూపిస్తే లారీ కదులుతుంది, కానీ ఆ తర్వాత ఆ ఊరు వాళ్లని నమ్మదు. ఊరి పెద్దలతో మాట్లాడాల్సింది తహసీల్దారా, ఎస్సైనా? జవాబు ఒక్కటే ఉండదు. ఎవరు నిర్ణయించాలో మాత్రం తేలాలి.

మూడో రోజు పుకారు. 'మళ్లీ అల వస్తోందంట.' ఇది ఊహ కాదు. 2004 డిసెంబర్ 30న మరో సునామీ రావొచ్చని కేంద్ర హోంశాఖ నుంచే హెచ్చరిక వెలువడింది. తమిళనాడు, ఆంధ్ర తీరాల్లో జనం ఉన్నపళంగా పరుగులు తీశారు, సహాయ పనులు ఆగిపోయాయి. ఆ తర్వాత హెచ్చరికను వెనక్కి తీసుకున్నారు. అప్పుడు వాట్సాప్ లేదు. ఇప్పుడు పాత వీడియో ఒకటి చాలు.

కాకినాడలో అమెరికా సైనికులెందుకు దిగారు?

నెల్లూరుకి ఎగువన, ఇదే కోస్తాలో ఇంకా పెద్ద రిహార్సల్ జరుగుతోంది. దాని పేరు 'టైగర్ ట్రయంఫ్'. 2019 నవంబర్‌లో విశాఖపట్నం, కాకినాడల్లో భారత్, అమెరికా త్రివిధ దళాలు కలిసి మొదటిసారి చేశాయి. పేరు వింటే యుద్ధ విన్యాసం అనిపిస్తుంది కానీ విషయం విపత్తు సాయం. ఐఎన్ఎస్ జలాశ్వ లాంటి నౌకల నుంచి జవాన్లు, వాహనాలు ఒడ్డుకి చేరడం, సంయుక్త కమాండ్ సెంటర్ పెట్టడం, టెంట్లలో వైద్య శిబిరం నడపడం. 2022లో విశాఖలో బల్ల దగ్గరి కసరత్తుగా, 2024 మార్చిలోనూ 2025 ఏప్రిల్‌లోనూ మళ్లీ నౌకలతో చేశారు.

జెట్టీ కొట్టుకుపోతే నేరుగా ఇసుక మీదకి సరుకు దించగలిగే నౌకలు అక్కరకొస్తాయి. పడుగుపాడు లాంటి చోట రోడ్డు తెగిన రోజున నెల్లూరుకి సాయం రావడానికి మిగిలే దారి సముద్రమే, ఆకాశమే. కాకినాడ ఇసుక మీద నేర్చుకున్నది మైపాడు ఇసుక మీద పనికొచ్చేది అలా.

డ్రిల్ చేస్తే సరిపోతుందా?

సరిపోదని అమెరికాయే అనుభవించింది. 2004 జులైలో లూసియానా రాష్ట్రంలో అధికారులు ఐదు రోజులు కూర్చుని 'హరికేన్ పామ్' అనే ఊహా తుపాను మీద కసరత్తు చేశారు. న్యూఆర్లీన్స్ మునిగిపోతుందని, అరవై వేలమందికి పైగా చనిపోవచ్చని, సొంత వాహనం లేని పేదలు ఊళ్లోనే చిక్కుకుంటారని ఆ సిమ్యులేషన్ చెప్పింది. సుమారు పదమూడు నెలలకే, 2005 ఆగస్టు 29న కత్రినా వచ్చింది. నగరం మునిగింది. వాహనాల్లేనివాళ్లే చిక్కుకున్నారు. వెయ్యిమందికి పైగా చనిపోయారు. కసరత్తులో బయటపడ్డ లోపాల మీద చేయాల్సిన తదుపరి పనిలో రవాణా ప్రణాళిక అప్పటికి పూర్తి కాలేదు.

సిమ్యులేషన్ తప్పు చెప్పలేదు. చెప్పినదాన్ని పూర్తిచేయలేదు.

మన దగ్గర డ్రిల్ ముగియగానే వచ్చే ప్రెస్ నోట్లు చూడండి. ఎన్ని శాఖలు పాల్గొన్నాయి, ఎంతమందిని తరలించారు, ఎంత విజయవంతమైంది. బయటపడ్డ లోపాలేంటి, ఎప్పటికి సరిచేస్తారు అన్న రెండు వరుసలు చాలా అరుదు. భద్రతకు సంబంధించిన లోపాలు బయటపెట్టలేరు, అది సరే. కానీ సైరన్ మోగలేదు, షెల్టర్ తాళంచెవి దొరకలేదు, పడవలో లైఫ్ జాకెట్లు చాలలేదు లాంటివి రహస్యాలేం కావు కదా. వాటిని ఊరికి చెబితే ఊరే వెంటపడి చేయించుకుంటుంది.

టైమింగ్ కూడా చూడాలి. డ్రిల్స్ ఎక్కువగా పని దినాల్లో, పగటిపూట, ఎండలో పెడతారు. 2004 సునామీ వచ్చింది ఆదివారం పొద్దున, పండగ మర్నాడు. 'గే' వచ్చింది నవంబర్ గాలివానలో. రాత్రి రెండింటికి, కరెంటు తీసేసి, ఓ పాళెంలో డ్రిల్ చేస్తే వచ్చే ఫలితం వేరేగా ఉంటుంది.

ఒడిశా ఈ విషయంలో ఓ అడుగు ముందుంది. అక్కడి వెంకట్రాయ్‌పూర్, నోలియాసాహి గ్రామాలకు 2020లో యునెస్కో 'సునామీ రెడీ' గుర్తింపు వచ్చింది. 2024లో మరిన్ని గ్రామాలు చేరాయి. మునిగే ప్రాంతం పటం, తప్పించుకునే దారి బోర్డులు, ఊరి కమిటీ, క్రమం తప్పని డ్రిల్.. ఇవన్నీ ఉంటేనే ఆ గుర్తింపు ఇస్తారు. డ్రిల్ ఊరి మీద జరిగేది కాదు, ఊరు చేసేది అన్నది అక్కడి పద్ధతి. నెల్లూరు పాళేల్లో ఊరి పెద్దల మాటకున్న బలం చూస్తే ఇక్కడ అది కుదరకపోవడానికి కారణమేం కనిపించదు.

మీ ఊళ్లో డ్రిల్ జరిగితే ఏం చేయాలి?

ముందుగా చేయకూడనిది. డ్రిల్ వీడియో తీసి 'మైపాడులో టెర్రరిస్టులు' అనో, 'సునామీ వచ్చేసింది' అనో క్యాప్షన్ పెట్టి పంపొద్దు. షేర్ చేయాలనుకుంటే వీడియో మీదే 'మాక్ డ్రిల్' అని, తేదీతో సహా రాయండి. ఎందుకంటే రెండేళ్ల తర్వాత అదే వీడియో ఇంకో ఊరి పేరుతో తిరుగుతుంది.

తరలించే డ్రిల్ అయితే వెళ్లండి. ఇంట్లో ముసలివాళ్లని, పిల్లల్ని తీసుకుని నిజంగా నడిచి షెల్టర్ దాకా ఎన్ని నిమిషాలు పట్టిందో చూసుకోండి. ఆ అంకె మీ ఇంటికి సంబంధించింది, ఏ కంప్యూటర్ మోడల్‌లోనూ ఉండదు. దారిలో వాగు అడ్డొస్తే, బకింగ్‌హామ్ కాలవ మీద కల్వర్టు ఇరుకుగా ఉంటే అక్కడున్న అధికారికి చెప్పండి. ఆ రోజు వాళ్లు వినడానికే వస్తారు.

బోటు మీద వెళ్లేవాళ్లు కార్డు వెంట ఉంచుకోండి. సముద్రంలో ప్రమాదం జరిగితే కోస్ట్‌గార్డ్ నంబర్ 1554. తీరంలో అనుమానం కలిగించేది ఏదైనా కనిపిస్తే తీర భద్రత నంబర్ 1093. జిల్లా కంట్రోల్ రూమ్ 1077, రాష్ట్రానిది 1070, ఏ అత్యవసరానికైనా 112.

ఇక ఫోన్ మళ్లీ సైరన్‌లా మోగితే ఆపేసే ముందు మెసేజ్ పూర్తిగా చదవండి. పరీక్ష అయితే అందులోనే రాసి ఉంటుంది.